అరంగుళం తేడా

ఆన్‌లైన్‌లో గౌన్ల కటింగ్ నమూనాలు అమ్మే దర్జీకి కునుకు పడుతుండగా ఫోను టింగుమంది. ఎవరో డబ్బు కట్టారు. కొన్నవాళ్లు ఇచ్చిన కొలతలు ఎప్పటిలాగే వాటంతటవే షీటులో కొత్త వరుసగా చేరాయి. తెర వెలుగు గోడ మీద పాలలా పరుచుకుంది. ఛాతీ ఇరవై ఆరు. కుడి చెయ్యి పదహారు, ఎడమ చెయ్యి పదిహేనున్నర.

"ఓసి, అచ్చం మా చిట్టి కొలతలే!" అని నవ్వుకుంది. ఆ అరంగుళం తేడా తల్లిగా తనకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. పక్కగదిలో కూతురి ఊపిరి మెత్తగా వినిపిస్తోంది.

మళ్లీ టింగుమంది. ఈసారి కొలతల పక్కన ఒక మాట కూడా ఉంది. "ఇందాకటి పొడవు తప్పు. పాప నిద్రలో కదిలింది."

ఆమె దిగ్గున లేచింది. "చిట్టీ!" అని కేకేసింది.

"అబ్బా, పడుకోనివ్వమ్మా!" గదిలోంచి కూతురు మత్తుగా విసుక్కుంది. "ఎన్నిసార్లు కొలుస్తావు? నీ చేతులు ఎంత చల్లగా ఉన్నాయో!"