పూడని గుంట

షెడ్డులో బస్సు కింద తవ్విన పిట్‌లో నిలబడి బోల్టు బిగిస్తున్న మెకానిక్‌కి, నేల మట్టాన సరిగ్గా కళ్ళెదుట ఒక చెయ్యి కనిపించింది.

ఎవరో ముసలాయన చెయ్యి. అది తన భార్య పాదం మీద ఉంది!

భోజనం క్యారేజీ తెచ్చి షెడ్డు బయట బల్ల మీద కూర్చుంది ఆమె. నిండు చూలాలు.

మెకానిక్ ఒక్క ఉదుటున పైకొచ్చాడు.

"ఎవడ్రా నువ్వు? ఆడదాని కాలు పట్టుకుంటావా?"

"కోప్పడకు బాబూ. వేలితో నొక్కితే గుంట పడింది, చూడు. పూడటం లేదు. తలనొప్పి కూడా ఉందంటోంది..."

"కడుపుతో ఉన్న మనిషికి కాళ్ళు వాయవా? పెద్ద చెప్పొచ్చావు!"

"నేనే చూడమన్నానండీ..." భార్య మాట అతని చెవికెక్కలేదు.

రెండు చేతులా తోసేశాడు.

ముసలాయన వెళ్ళి ఇనుప గేటుకి కొట్టుకుని పడ్డాడు. తల పట్టుకుని మెల్లగా లేచాడు.

"నన్నేమన్నా ఫరవాలేదు. అమ్మాయిని మాత్రం ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు."

మెకానిక్ తీసుకెళ్ళలేదు.

తెల్లారి కాఫీ గ్లాసు అందుకోబోతూ ఆమె కొయ్యబారిపోయింది. కళ్ళు తేలేసింది. ఫిట్స్!

పెద్దాసుపత్రి గుమ్మంలో డాక్టరమ్మ ముందుగా ఆమె కాలే నొక్కి చూసింది. వేలు తీసినా గుంట పూడలేదు.

"పిట్టింగ్," అంది నర్సుతో. "ఆ రెడీగా ఉంచిన ఇంజెక్షన్ ఇచ్చెయ్. థియేటర్‌కి పదండి!"

మెకానిక్‌కి తెలిసిన పిట్ ఒక్కటే, తను రోజూ దిగేది. చింతగింజ పట్టేంత ఈ గుంటకీ అదే పేరా!

మధ్యాహ్నానికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఆడపిల్ల. తల్లీబిడ్డలిద్దరూ గండం గడిచి బయటపడ్డారు."

"మీరు దేవతమ్మా!"

"నాదేం లేదు. కాళ్ళు వాచిన చూలాలు ఏ క్షణమైనా రావచ్చు, మందూ రక్తమూ సిద్ధంగా పెట్టమని నిన్న సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి చెప్పారు. లేకపోతే ఆలస్యమైపోయేది."



"ఆయన... ఎక్కడమ్మా? కాళ్ళు పట్టుకోవాలి."

"తలకి ఆ దెబ్బేమిటని అడిగితే, నేనే జారిపడ్డానన్నారు. కాసేపటికే కుప్పకూలారు. తల లోపల రక్తం గడ్డకట్టింది. తెల్లవారుతుండగా పోయారు. ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళబోతుంటే మీరొచ్చారు."

మెకానిక్ తన రెండు చేతులూ చూసుకున్నాడు.

"ఎవరమ్మా ఆయన?"

అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న డాక్టరమ్మ మాస్కుతోనే కళ్ళు ఒత్తుకుంది.

"నాకు ఈ పని నేర్పిన డాక్టరు. మా నాన్న."