ఏనుగా, మేకా?

"ఏనుగేరా!" అంది అక్క.

"కాదు, మేక!" అన్నాడు తమ్ముడు.

ఉయ్యాలలోని పాప ఇద్దరి మాటా నమ్మలేదు. గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది.

అక్క కాన్పు సెలవు ఇవాళ్టితో సరి. తెల్లారితే బ్యాంకుకి వెళ్ళి కౌంటర్లో కూర్చోవాలి. పాపేమో తల్లి ఒళ్ళో తప్ప ఇంకెక్కడా కన్ను మూయదు. ఇక మిగిలిన ఆశల్లా చిన్నప్పటి అమ్మ పాటే. ఆ పాటకి అక్కా తమ్ముడూ ఇట్టే నిద్రలోకి జారుకునేవారు.

"గున్న గున్న ఏనుగమ్మా, గుమ్మం దాటి రాకమ్మా..." అక్క మళ్ళీ అందుకుంది.

"తప్పు పాడితే దానికి నిద్రెలా వస్తుందే? గంతులేసే మేకమ్మా! చీకట్లో అమ్మ శాలువా కుచ్చులు పట్టుకుని రోజూ విన్నాను."

"నువ్వు పుట్టకముందే ఆ కుచ్చులు సగం పీకేశాన్నేను. తాతల నాటి పాటరా అది. నీ ఇష్టమొచ్చినట్టు అందులోకి మేకల్ని తోలకు!"

కిటికీ పక్కన పేపరు చదువుతున్న నాన్న గొంతు సవరించుకున్నాడు. టికెట్, టికెట్ అంటూ బస్సుల్లో అరిచి అరిచి బండబారిన గొంతు. పాప ఉలిక్కిపడి ఇంకా పెద్దగా ఏడ్చింది.

"నాన్నా, నీకు దణ్ణం పెడతా, నువ్వు మాత్రం నోరు విప్పకు" అంది అక్క.

నాన్న బుద్ధిగా పేపరు మడిచాడు.

అంతలో గేటు చప్పుడైంది. ఆసుపత్రిలో డ్యూటీ దిగి అమ్మ వచ్చింది. పాపని నాన్న దగ్గర వదిలేసి ఇద్దరూ వంటింటిదాకా ఆమె వెంటపడ్డారు.

"అమ్మా, నువ్వే చెప్పు. ఏనుగా, మేకా?"

"ఏంటర్రా ఈ గోల? కాసిని మంచినీళ్ళు తాగనివ్వండి."

"నువ్వు మమ్మల్ని నిద్రపుచ్చిన పాటమ్మా!"

అమ్మ వింతగా చూసింది. "నేనా? మీరు బళ్ళో చేరేదాకా నావన్నీ నైట్ డ్యూటీలేగా! మీరు పడుకునే వేళకి నేను ఇంట్లో ఎప్పుడున్నానే?"

గ్లాసు ఎత్తి నీళ్ళు తాగసాగింది. అక్క ముఖం వాడిపోయింది. ఉన్న ఒక్క ఆశా పోయింది.

ఉన్నట్టుండి పాప ఏడుపు ఆగింది. ఉయ్యాల గదిలోంచి పాట వినిపించింది. అదే సన్నని గొంతు, చిన్నప్పటి అమ్మ గొంతు. ఇద్దరూ అమ్మ వంక చూశారు. అమ్మ నోటి నిండా నీళ్ళున్నాయి.

పరుగున వెళ్ళి తలుపు తోశారు.

"ఒయ్యారాల ఒంటెమ్మా, గుమ్మం దాటి రాకమ్మా..."

పాప పిడికిట్లో శాలువా కుచ్చు పట్టుకుని నిద్రపోతోంది. అమ్మ పాత నీలం శాలువాని తల మీదుగా కప్పుకుని, ఉయ్యాల ఊపుతూ పాడుతున్నది నాన్న.