నాలుక పైకెత్తు

“నోరు తెరు,” అంది అవ్వ.

అతను తెరిచాడు.

“నాలుక పైకెత్తు.”

ఎత్తలేదు. పెదవులు బిగించి కిటికీ వైపు చూశాడు. అవ్వ అరచేయి చాచింది. ఆ చేతిని చూసి, చెంపలో దాచిన మాత్రను అందులోకి ఉమ్మేశాడు. మిగతా మూడు మాత్రలూ పళ్లెంలో ముట్టుకోకుండానే ఉన్నాయి.

“పోయిన వారం పూలకుండీలో దొరికింది. ఆ మొక్కకేమైనా క్షయ ఉందా?”

“ఏమో. అప్పట్నుంచి మాత్రం బాగా ఎదుగుతోంది.”

చొక్కాలకు బొత్తాలు కుట్టి బతికే ఆమెను అందరూ బొత్తాలవ్వ అంటారు. పేదల కోసం ఆసుపత్రి నడిపే సేవాసంస్థ క్షయకు మందులు ఉచితంగానే ఇస్తుంది. కానీ ఆరు నెలలు ఒక్క రోజూ తప్పకుండా మింగాలి. ఇల్లిల్లూ తిరిగి మింగించడానికి అంతమంది నర్సులు ఎక్కడున్నారు? అందుకని సంస్థ వాళ్లు ఒక పద్ధతి పెట్టారు. నయమైన ప్రతి మనిషీ, కొత్తగా జబ్బుపడిన ఒకరి బాధ్యత తీసుకోవాలి. పొద్దున్నే వెళ్లి కళ్లముందు మింగించి, నోరు తెరిపించి చూసి, కార్డు మీద టిక్కు పెట్టాలి.

అవ్వకు నయమై మూడేళ్లయింది. ఐదుగురిని గట్టెక్కించింది. మాత్రల అట్టల మీద పేర్లు కూడబలుక్కుంటూ చదవడం కూడా నేర్చుకుంది. ఈ ఆరో మనిషే మొండిఘటం. అంతకుముందు ఇద్దరు వచ్చి, నోరు తెరవమని అడగడానికి మొహమాటపడి తిరిగి వెళ్లిపోయారు. “ఇతన్ని పట్టడం నీ వల్లే అవుతుంది అవ్వా,” అని సంస్థ మేడమ్ కార్డు ఆమె చేతిలో పెట్టింది.

అవ్వ అట్ట చించి కొత్త మాత్ర పళ్లెంలో వేసింది.

“ఇంక చాలవ్వా,” అన్నాడతను. “దగ్గు పోయింది. నాలుగు కిలోలు పెరిగాను. ఇవి మింగితే కడుపులో ఒకటే తిప్పడం. నిన్న చేతిలో కత్తెర పెట్టుకుని, కళ్లు తిరిగి గోడకు ఆనుకున్నాను.”

“ఇంకెన్ని రోజులు?”

“పంతొమ్మిది.”

“అంతేగా?”

“నా ఒంటి సంగతి నాకు తెలియదా? ఈ రోజుతో మానేస్తున్నాను.”

అవ్వకు రోజూ ఇదే భయం. రెండోసారి తట్టినా తలుపు తెరుచుకోకపోతే కిటికీ దగ్గరికి పరుగెత్తుతుంది.

“నా చెల్లెలూ నాలుగో నెలలో ఇదే మాట అంది,” అంది మెల్లగా. “బాగానే ఉన్నానక్కా, ఇంక ఇంట్లో కూర్చోలేనని పనికి బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, వెర్రిదాన్ని. జబ్బు తిరగబెట్టి వచ్చాక ఆ మాత్రలు దానికి పనిచెయ్యలేదు.”

అతను తలుపు వైపు చూపించాడు. “ముందు గదిలో జనం కూర్చున్నారు. నేను పని మొదలుపెట్టాలి.”

“కూర్చోనీ. అంత తొందరగా ఉంటే వాళ్లనే లోపలికి పిలుస్తా. నలుగురూ నీ ముక్కు పట్టుకుంటే నోరు అదే తెరుచుకుంటుంది.”

“నా పరువు తీస్తావా?”

“మిగిలి ఉంటే తీస్తా.”

ఆమె స్టూలు లాక్కుని తలుపుకు అడ్డంగా కూర్చుంది. సంచిలోంచి చొక్కా తీసి సూదిలో దారం ఎక్కించింది. “ముప్పై చొక్కాలున్నాయి. సాయంత్రం దాకా నాకేం దిగుల్లేదు.”

“ఇవన్నీ నీకెవరు నేర్పారు?”

“నా వంతప్పుడు నేనూ ఇలాగే మానేస్తానన్నాను. డాక్టరు స్వయంగా ఇంటికొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. నువ్వు మింగేదాకా లేవనన్నాడు. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. ఆకలికి తాళలేక లేచిపోతాడనుకున్నా. ఊహూఁ. ఆ మనిషిని చూసి జాలేసి మింగాను. ఇవాళ బతికున్నానంటే ఆయన మాట వినబట్టే. నువ్వూ విను.”

అతని చెవులు ఎర్రబడ్డాయి. నవ్వు ఆపుకోవాలని చూశాడు, కుదరలేదు. గ్లాసు అందుకుని ఒకటి, రెండు, మూడు, నాలుగు. గుటక గుటకకూ మొహం ముడుచుకుంది.

“నాలుక పైకెత్తు.”

ఎత్తాడు.

“చెంపలు చూపించు. ఇటు. అటు.”

చూపించాడు. అవ్వ కళ్లజోడు సర్దుకుని, తొందరేమీ లేకుండా చూసి, కార్డు మీద టిక్కు పెట్టింది. పద్దెనిమిది గళ్లు మిగిలాయి.

“అవి కూడా నిండితే నువ్వింక రావు కదా,” అన్నాడతను.

“ఎందుకొస్తాను? నా జన్మలో నవ్వుతూ వదిలి వెళ్లేది ఇలాంటి గుమ్మాలే.” అవ్వ స్టూలు పక్కకు జరిపింది. “ఇంక పో, పని చూసుకో.”

అతను నోరు తుడుచుకుని, ఆ రోజు అవ్వ గుమ్మంలో కూర్చున్నప్పటి స్టెతస్కోపే మెడలో వేసుకుని, మొదటి రోగిని పిలిచాడు.