గాడి తప్పిన చప్పుడు

"బాబూ, పైపు తిరుగుతుంటే ఆ టకటకేంటి?"

తలుపు దగ్గర నిలబడి అడిగింది, వెనక గదిలో అద్దెకుండే పెద్దావిడ.

అతను మిషను ఆపాడు. జాయింట్లు బిగించడానికి ఇనప పైపుల చివర గాడి పెట్టే మిషను అది. చాన్నాళ్ళు మూతపడిన షాపుని ఈమధ్యే కొత్త ఓనరు కొన్నాడు. అతనూ పనికి కొత్తే. పొద్దున తలుపు తీస్తే సాయంత్రం దాకా అతనూ, మిషనూ. పలకరించే మనిషి లేడు.

"పనన్నాక చప్పుడవదా అమ్మా?"

"అవుతుంది. కానీ ఏకధారగా అవుతుంది" అని వెళ్ళిపోయింది.

విసుక్కుంటూనే పైపు లోపల తడిమాడు. వెల్డింగు గీత ఉబ్బి ఉంది. గాడి నొక్కే రోలరు దాని మీదికి వచ్చినప్పుడల్లా ఎగిరిపడుతోంది. గ్రైండరుతో సాపు చేశాడు. టకటక ఆగింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది.

"ఇవాళ కీచుమంటోందే?"

పైపుని మోసే వెనక స్టాండు ఎత్తు ఎక్కువై, పైపు బయటికి జారుతోంది. స్టాండు దించాడు. ఆవిడకి మాత్రం ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత ఇంకోటి.

"అప్పుడే ఆపేస్తున్నావేం బాబూ? ఇంకాసేపు తిరగాలి కదా."

అతనికి ఒళ్ళు మండింది.

"మిషను నడిపేది మీరా, నేనా? చప్పుడు పడకపోతే తలుపేసుకోండి!"

ఆవిడ ముఖం చిన్నబోయింది. మళ్ళీ రాలేదు.

సాయంత్రం ఓనరు వస్తే చెప్పాడు.

"వెనకావిడతో వేగలేకపోతున్నా సార్. ఈ మోత భరించలేకపోతోంది."

"పాపం, పెద్ద వయసు కదా. అవతలి వీధిలో మా అక్కవాళ్ళ మేడ మీద గది ఖాళీగా ఉంది. అడిగి చూస్తాలే."

కొన్నాళ్ళకి, కొన్నవాళ్ళ దగ్గర్నించి పైపులు తిరిగొచ్చాయి. నీళ్ళు వదలగానే జాయింట్లు ఊడిపోయాయట. గాడి లోతు చాల్లేదు.

"ఇంకోసారి ఇలా జరిగితే వేరే పని చూసుకో" అన్నాడు ఓనరు.

ఓనరు వెళ్ళాక అతను మిషను పక్కనే కూలబడ్డాడు. ఇంకాసేపు తిరగాలన్న ఆవిడ మాట అప్పుడు చెవిలో మోగింది. లేచి పైపు ఎక్కించాడు. తొందరపడకుండా, ఇంకాసేపు, మరి కాసేపు తిప్పాడు. లోతు కొలిచే గేజీ పెట్టి చూశాడు.

గాడి సరిగ్గా దిగింది.

ఆ సంతోషం ఎవరితో చెప్పాలి? వెనక గదికి పరిగెత్తాడు.

గది నిండా పైపులు పేర్చి ఉన్నాయి.

అవతలి వీధిలో ఓనరు అక్కవాళ్ళ మేడ మెట్లెక్కేసరికి, ఆవిడ మంచం మీద గోడకి చెవి ఆనించి కూర్చుని ఉంది.

"మీరు చెప్పినట్టే చేశానమ్మా, కుదిరింది. ఆ రోజు నోరు జారాను."

"పోనీలే బాబూ. కూర్చో."

"ఇక్కడ హాయిగా ఉందా? ఏ మోతా లేదు."

ఆవిడ గోడని చేత్తో తడిమింది.

"లేదు బాబూ, ఏ మోతా లేదు... ఆ మిషను నీకు ముందు మా ఆయన నడిపేవాడు, ఆయన పోయాక ఆగిపోయిన చప్పుడు నువ్వొచ్చి మళ్ళీ మొదలుపెడితే, ఆయనే గోడ అవతల పనిలో ఉన్నట్టు ఉండేది."