ఎండని బోరు

ఆ కాలానికి యూనివర్సిటీల్లో పాఠాలన్నీ, చెప్పాల్సిన మాటలతో సహా, ఏఐ యంత్రమే అల్లిపెట్టేది. ఆ పాఠం ప్లాన్ ముందురోజే పిల్లల ఫోన్లకీ చేరిపోయేది. దాంతో జాగ్రఫీ చెప్పే గంగరత్నం మేడం క్లాసుకి ఆ రోజు ముగ్గురే వచ్చారు. ఇలాగే సాగితే కోర్సే ఎత్తేస్తారు.

"మీరు వేయబోయే జోకు కూడా రాత్రే చదివేశాం మేడం," అంది ముందు బెంచీలోని ఇమాంబీ.

మేడం ప్లాన్ మూసేసి కిటికీలోంచి బయట ఉన్న బోరుబావి చూపించింది. "మన క్యాంపస్ బోర్లలో అదొక్కటే ఎండదు. ఎందుకో నాకూ తెలీదు. పోయి చూద్దామా?"

సాయంత్రందాకా బోరు చుట్టూ వాదించుకున్నారు. ఆ మాట ఆ నోటా ఈ నోటా పాకి, మర్నాడు క్లాసు నిండిపోయింది.

క్లాసులో ప్రతి మాటా వినే యంత్రం ఊరుకుంటుందా? వారం తిరక్కుండా అన్ని కాలేజీల ప్లాన్లలోనూ కొత్త వాక్యం చేరింది: 'పదో నిమిషంలో, తెలియదని చెప్పండి.'

మళ్ళీ బెంచీలు ఖాళీ. ఇమాంబీ ఒక్కతే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఈరోజు నిజంగానే తెలీదా మేడం, ప్లాన్‌లో ఉందని తెలీదంటారా?"

మేడం నవ్వి గొడుగు అందుకుంది.

"ఆ బోరు సంగతి ఇంకా తేలలేదుగా. పద."