రూపాయికి మూడు పైసలు

“కార్డు మీద పేరెవరిది రాయాలె వదినె? ఇంటాయనదేనా?”

“నాది రాయి. అనసూయ.”

కిషన్ సేటు పెన్ను ఆగిపోయింది. మానుకోట బజారులో కిరాణం ఖాతాలన్నీ మగవాళ్ళ పేర్ల మీదే ఉంటాయి. వండేది ఎవరైనా ఖాతా మాత్రం ఇంటాయనదే.

“ఆడోళ్ళ పేరు మీద ఇంతవరకు రాయలే.”

“ఇయ్యాల్టి నుంచి రాయి. పైసలు నా బర్రెలిచ్చిన పాలవి. వాటి ఖాతా నా పేరు మీదనే ఉండాలె.”

ఆ పచ్చ కార్డును కిషన్ ఈ ఉగాదికే మొదలుపెట్టాడు. నెలంతా ఉద్దెర ఇస్తాడు. ఐదో తారీఖులోగా కడితే రూపాయికి మూడు పైసలు వాపసు. ఆ వాపసంతా కూడబెట్టి దీపావళికి నగదుగా చేతిలో పెడతాడు. గడువు తప్పితే ఆ నెల వాపసు పోయినట్టే.

బియ్యం బస్తాకు ఆనుకుని కూర్చున్న వాల్యా పకపకా నవ్వాడు. కొత్తగూడ అడవి నుంచి చెట్ల బంక తెచ్చి అమ్ముకునే మనిషి. “ఓ అక్కా! నువ్వే ఇటొస్తే ఇగ చంద్రయ్య సేటు దుకాణానికి తాళమే!”

చంద్రయ్య కిరాణం రోడ్డుకు సరిగ్గా అవతల ఉంది. ఎమర్జెన్సీ పోయి రెండేళ్ళయినా అప్పుడు పెట్టించిన ధరల బోర్డు ఇంకా అక్కడ వేలాడుతూనే ఉంది. దాని కింద నిలబడి, తరాజు చేత్తో పట్టుకుని చంద్రయ్య ఇటే చూస్తున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా అనసూయ వంటింట్లోకి ఉప్పు దగ్గర్నుంచి అన్నీ ఆ దుకాణం నుంచే వచ్చేవి.

కిషన్ గొంతు తగ్గించాడు. “గన్నేండ్ల దుకాణం ఇడిసిపెడుతున్నవ్. లెక్క మంచిగ జూసుకున్నవా? రేపు నన్ను తిట్టొద్దు.”

“శారదా, సదువు.”

తల్లి వెనక నిలబడిన శారద నోట్‌బుక్ చివరి పేజీ తీసింది. బడిలో హాజరు పలికితే సారు రెండోసారి పిలిచేంత మెల్లగా పలికే పిల్ల. మూడు దుకాణాల ధరలు ఆ పేజీ నిండా సన్నటి అక్షరాల్లో రాసుకుంది. అదే సరుకు, అదే తూకం.

“స్టేషన్ కాడ హన్మంతు దుకాణంల రూపాయికి నాలుగు పైసలు...”

“పెద్దగ సదువు బిడ్డా, ఇనపడుతలేదు.”

శారద నోట్‌బుక్ కాస్త పైకెత్తింది. “నాలుగు పైసల వాపసు. కానీ పప్పు, నూనె ధరలు పెంచిండు. నూటయాభై రూపాయల సరుకు ఆడ నూటయాభై ఐదు. వాపసు వచ్చేది ఆరు రూపాయల ఇరవై పైసలు. ఎక్కువ గుంజేది ఐదు రూపాయలు.”

“ఒక చేత్తోని పెట్టి ఇంకో చేత్తోని గుంజుడు!” అన్నాడు వాల్యా.

“మీ దగ్గర ధర పెరగలే. నెలకు నాలుగున్నర వాపసు. దీపావళికి ఏడు నెలలు. ముప్పై ఒకటిన్నర.”

“మరి ఎదురు దుకాణంల?”

శారద నోట్‌బుక్ మూసేసింది. తల్లి మాట అందుకుంది.

“సున్నా. పిడికెడు కొసరు గూడ ఎయ్యడు. సబ్బు అడిగితే పాతది అప్పుడే అరిగిందా అంటడు. నెలనెల నా పాల పైసలన్నీ గా గల్లపెట్టెలనే పోస్తున్న. అండ్లకెళ్ళి ఒక్క ముప్పై రూపాయలు పిల్ల పదో తరగతి పరీక్ష ఫీజుకు ఎనుకకియ్యుమంటే, ఆడపిల్లకు తొమ్మిది చాలన్నడు.”

“గంత మాటన్నడా?”

“అన్నడు. పప్పు జోకేటోడు పప్పు జోకాలె. పిల్ల సదువును జోకుడేంది?”

కిషన్ కార్డు మీద ఆమె పేరు రాశాడు. ఇంకో గడి దగ్గర ఆగి, నవ్వు మీసాల్లో దాచుకున్నాడు. “ఇంతకుముందటి దుకాణం పేరు గూడ రాయాలె. చెప్పు వదినె.”

అనసూయ గడ్డంతో రోడ్డవతలికి చూపించింది. “గదే.”

“పేరు?”

“బోర్డు మీదుంది గద. సదువుకొని రాసుకో.”

వాల్యా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ పేరు మాత్రం అనసూయ నోట రాలేదు.

“రేపు చంద్రన్న నా మీదికి లొల్లికొస్తే?”

“రానీ. గా లొల్లి నాకు అలవాటే. ఒక్క మాట యాదుంచుకో. వాపసు నా చేతికే ఇయ్యాలె. ఇంకెవరొచ్చి అడిగినా ఇయ్యొద్దు.”

శారద నేర్పిన అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చి, అనసూయ కార్డు మీద సంతకం చేసింది. తర్వాత తల్లి ఒక సంచి, కూతురు ఒక సంచి ఎత్తుకుని రోడ్డు దాటారు.

చంద్రయ్య తరాజు వదలకుండానే మెట్లు దిగి వచ్చాడు. పళ్ళేలు రెండూ గలగలమన్నాయి. బజారులో బేరాలు ఆగిపోయాయి.

“ఆగుండ్రి! నా దుకాణం ముంగట్నుంచి గా కిషన్‌గాని సరుకు ఎవలింటికి మోస్తున్నరు?”

అనసూయ ఆగింది. కూతురి వైపు చూసింది.

శారద సంచి భుజానికి ఎగదోసుకుంది. పుట్టిన దగ్గర్నుంచి దించుకుని తిరిగిన తల పైకెత్తి, బజారంతా వినేలా పలికింది.

“మనింటికే, బాపూ!”