నాలుగో భాగానికి అడ్డొచ్చిన రాయి

మూడో భాగం చివర్లో హీరో అరకు కొండ మీంచి లోయలోకి దూకి చచ్చిపోయాడు. ఇదే ఆఖరి భాగమని దర్శకుడు దేవీప్రసాద్ అందరి ముందూ ఒట్టేశాడు. వసూళ్లు చూశాక ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి, హీరోని బతికించడానికి మళ్లీ అదే కొండెక్కాడు.

దూకిన చోట కొత్తగా ఒక రాయి పాతి ఉంది. పోయినవాళ్ల పేరున ఇక్కడివాళ్లు రాయి నిలబెడతారని ఆయన ఎక్కడో విన్నాడు.

"చూశారా, మన హీరోకి రాయి పాతారు! పిచ్చి జనం!" అని యూనిట్ ముందు పొంగిపోయాడు.

రాయి ముందు అంబలి దొప్ప పెడుతున్న ఆ కొండ ఊరి సోములమ్మ తలెత్తి చూసింది.

"ఆ రాయి తీయించెయ్యమ్మా, షాట్‌కి అడ్డం. మా హీరో చావలేదు. ఇంకా డబ్బులు తెచ్చేవాణ్ణి ఎవరైనా చంపుకుంటారా?"

"ఎలాగ బతికినాడు బాబూ?"

"అదెంత పని! మధ్యలో కొమ్మ దొరికిందని రాసేశాం."

సోములమ్మ రాయి మీద చెయ్యి వేసింది.

"మీ హీరో ఆ రోజు ఏసీ బండిలోనే కూకున్నాడు బాబూ. ఆడి సొక్కా తొడిగి, తాడు కట్టి, నా కొడుకుని, మా గుంటడ్ని దూకించినారు. తాడు తెగిపోనాది. ఆడికీ ఒక కొమ్మ రాయండి."